పంపకాల చాప మీద కూర్చునే ముందు

నేను రాజాంలో దస్తావేజులు రాస్తాను. ముప్పై ఏళ్లు దాటింది. నా షాపు బోర్డు మీద ఇప్పటికీ ‘శ్రీకాకుళం జిల్లా’ అనే ఉంటుంది. 2022 ఏప్రిల్లో మమ్మల్ని విజయనగరం జిల్లాలో కలిపారు. బోర్డు మార్చమని పెయింటరుకి రెండుసార్లు కబురు చేశాను, రెండుసార్లూ అతను డబ్బా పట్టుకొచ్చాక నేనే వద్దని పంపేశాను. జిల్లా మారితే నా జేబులోంచి పోయింది రూపాయి కూడా లేదు. అయినా మనసొప్పలేదు. రెండు సెంట్ల కోసం తన్నుకునే అన్నదమ్ముల్ని చూసి నవ్వే అర్హత నాకూ లేదని ముందే చెప్పుకుంటున్నాను, అంతే.

అమ్మకం దస్తావేజు రాయడం సులువు. కొనేవాడికి భూమి కావాలి, అమ్మేవాడికి డబ్బు కావాలి. టీలు తాగి, సంతకాలు పెట్టి వెళ్తారు. అన్నదమ్ములు ఆస్తి పంచుకునే భాగ పరిష్కారం అలా కాదు. ఒక తల్లి కడుపున పుట్టినవాళ్లు ఒకే ఆటోలో రారు. ఒకరు నా బెంచీ మీద కూర్చుంటే ఇంకొకరు ఎదురుగా జెరాక్సు షాపు నీడలో నిలబడతారు. మధ్యలో ఒక మేనమామో, బావో అటూ ఇటూ తిరుగుతుంటాడు. ఇది ఆ మధ్యలో తిరిగే మనిషి కోసం రాస్తున్నాను. చట్టం సంగతి వకీలు చెప్తాడు, కొలత సంగతి సర్వేయరు చూసుకుంటాడు. మనసు సంగతి చూసేవాళ్లు ఎవరూ ఉండరు, తగువు తెగకుండా ఆపేది మాత్రం అదే.

కుంచం

కొన్నేళ్ల కిందట సంతకవిటి వైపు నుంచి ఇద్దరన్నదమ్ములు వచ్చారు. మూడెకరాల నలభై సెంట్లు, పెంకుటిల్లు, కల్లం, పశువులశాల. పొద్దున్న తొమ్మిదికి కూర్చుంటే పదిన్నరకల్లా భూమి తెగిపోయింది. పల్లం ఒకడికి, గరువూ (మెట్ట భూమి) కల్లమూ ఇంకొకడికి, తేడాకి కొంత డబ్బు. నాకు ఆశ్చర్యమేసింది. ఇంట్లో సామాన్ల జాబితా మొదలెట్టాక, పదకొండింటికి బండి ఆగింది.

ధాన్యం కొలిచే ఇనప కుంచం. అంచు ఒకచోట లోపలికి నొక్కుకుపోయి ఉంది, అడుగున తుప్పు. పాతసామాన్లవాడు దానికి వంద రూపాయలు కూడా ఇవ్వడు. దాని కోసం మధ్యాహ్నం రెండింటి దాకా వాదన. ఆఖరికి తమ్ముడు లేచి, “ఆ భూమి కూడా ఆడికే రాసీండి బాబూ. నాకేటొద్దు. ఆ కుంచం నాకిచ్చీమనండి” అన్నాడు.

నేను నవ్వాను. పక్కనున్న ఇద్దరు పెద్దమనుషులూ నవ్వారు. అతను తువ్వాలు భుజాన వేసుకుని మెట్లు దిగిపోయాడు. తొమ్మిది నెలలు మళ్లీ రాలేదు.

తర్వాత ఎవరో చెప్తే తెలిసింది. ఆ నొక్కు పడింది అతని చేతిలోనే. పదేళ్లప్పుడు కల్లంలో కుంచం జారవిడిచాడు. వాళ్ల నాన్న కొట్టలేదు. “సరే, ఇయ్యాల కొలత నువ్వే కొలు” అని చేతిలో పెట్టాడు. ఆ పిల్లాడు మొదటి కుంచానికి ఒకటి అనకుండా ‘లాభం’ అని, తర్వాత రెండు, మూడు అంటూ రాశి మొత్తం కొలిచాడు. అన్న అప్పటికే విశాఖపట్నంలో పనికి చేరాడు. అంటే ఆ ఇనపముక్క, తండ్రి తనని నమ్మాడనడానికి అతని దగ్గరున్న ఒకే ఒక్క కాగితం. నేను ఆ కాగితాన్ని చూసి నవ్వాను.

నా అనుభవంలో పంపకాలు విరిగేది భూమి దగ్గర తక్కువ. “నేను చేసింది ఎవరూ ఒప్పుకోలేదు” అనే దగ్గరే ఎక్కువ విరుగుతాయి. అందుకే గొలుసు పట్టేముందు ఒప్పుకోలు పెట్టాలి. ఎలాగో చెప్తాను.

మొదటి పని: ఎదుటివాడు చేసినవి మూడు

మా అమ్మాయి వైజాగులో సైకాలజీ చదివింది. ఒక సంక్రాంతికి వచ్చినప్పుడు నాకూ వాళ్లమ్మకీ చెరో చీటీ ఇచ్చి, “ఈ ఇంటి పనిలో నీ వాటా నూటికి ఎంతో రాయి, ఒకరిది ఒకరు చూడొద్దు” అంది. నేను యాభై రాశాను. నిజానికి నలభై అయిదు రాయబోయి, పాలు నేనే తెస్తాను కదా అని యాభై చేశాను. మా ఆవిడ ఎనభై అయిదు రాసింది. కలిపితే నూట ముప్పై అయిదు. మా అమ్మాయి పడీపడీ నవ్వింది.

1979లో కెనడాలో మైకేల్ రాస్, ఫియోరె సికోలీ అనే ఇద్దరు మొగుడూపెళ్లాల జంటల్ని ఇలాగే అడిగారట. వంట, పిల్లలు, చెత్త పారబోయడం, ఒక్కో పనిలో ఎవరి వంతు ఎంత అని. చాలా జంటల లెక్క కలిపితే నూరు దాటింది. అబద్ధమాడుతున్నారని కాదు. నా కష్టం నాకు లోపల్నుంచి కనిపిస్తుంది, అవతలివాడి కష్టంలో నేను లేను. నువ్వు రాత్రి రెండింటికి నీళ్లు కట్టడానికి వెళ్లినప్పుడు మీ అన్న నిద్రపోతున్నాడు. ఆయన ఊరుగాని ఊళ్లో ఓవర్‌టైం చేసి మనియార్డరు పంపినప్పుడు నీకు కనపడింది కాగితమే, చెమట కాదు. ఇద్దరూ నిజమే చెప్తారు. రెండు నిజాలూ కలిపితే నూట నలభై అవుతుంది, ఆస్తి మాత్రం నూరే ఉంటుంది.

అందుకని ఇద్దరినీ ఎదురుబొదురు కూర్చోబెట్టేముందు విడివిడిగా కలవండి. “నీకేం కావాలి” అని అడక్కండి, అడిగితే జాబితా వస్తుంది. “మీ తమ్ముడు ఈ ఇంటికి చేసినవి మూడు చెప్పు” అనండి. మొదట “ఆడేటి చేశాడు?” అంటారు. ఆ మాటకి బదులివ్వకండి. ఊరుకుని కూర్చోండి. నేనైతే ఈలోపు కళ్లజోడు తుడుచుకుంటాను. ఒకటి వస్తుంది, తర్వాత రెండోది. మూడోది చెప్పేటప్పుడు గొంతు మారుతుంది, మీరే చూస్తారు. వాటిని ఒక కాగితం మీద వాళ్ల మాటల్లోనే రాసుకోండి. ఇద్దరూ కూర్చున్నాక, భూమి మాట ఎత్తకముందే ఆ కాగితాలు చదవండి. వాళ్లనే చదవమనొద్దు, నామోషీగా ఉంటుంది. మధ్యవర్తి చదివితే వింటారు.

ఇదంతా పావుగంట పని. ఈ పావుగంట దాటవేసి నేరుగా గట్టు మీదకెళ్లిన తగువులు నెలలు పట్టడం చూశాను.

కొంతమంది ఉంటారు, “నేను చేసినవి చెప్పమంటే రాత్రంతా చెప్తాను” అంటారు. వాళ్లకి వేరే మందుంది. “అయితే పన్నెండు చెప్పు, రాసుకుంటాను” అని పెన్ను తీయండి. అయిదారు దాకా గబగబా వస్తాయి. ఏడోదాని దగ్గర తడుముకుంటారు, తొమ్మిదో దగ్గర ఆకాశంలోకి చూస్తారు. ఇది నేను కనిపెట్టింది కాదు. 1991లో నోర్బర్ట్ ష్వార్జ్, ఆయనతో ఉన్నవాళ్లూ కొందరిని ‘మీరు గట్టిగా నిలబడి మాట్లాడిన సందర్భాలు’ ఆరు చెప్పమన్నారు, ఇంకొందరిని పన్నెండు చెప్పమన్నారు. పన్నెండు చెప్పినవాళ్లే తాము అంత గట్టివాళ్లం కాదని అనుకున్నారు. ఎక్కువ చెప్పినా సరే, గుర్తు చేసుకోవడం కష్టమైందంటే ‘నాలో అంత లేదేమో’ అనిపిస్తుంది మనసుకి. ఎదురుచెప్పి ఒకణ్ని తగ్గించలేం, లెక్క పెట్టమంటే వాడే తగ్గుతాడు. కానీ నిజంగా నలిగిపోయిన మనిషి మీద ఇది వాడకండి. ముసలి తల్లిదండ్రుల్ని చూసుకున్న కోడలిని పన్నెండు చెప్పమంటే పన్నెండు కాదు, ఇరవై చెప్తుంది, చెప్పి ఏడుస్తుంది.

కోపమని తోసెయ్యకండి, సరైన మాట వెతకండి

గొంతు పెరగగానే మనం చేసే మొదటి తప్పు “కోప్పడకు” అనడం. నేను చూసినంతలో ఆ మాటకి చల్లబడినవాడు లేడు. “నాకేటి కోపం? నాను కోప్పడ్డానా?” అని ఇంకో మెట్టు ఎక్కుతాడు.

అతను చెప్పేది నిజమే కావచ్చు. అది కోపం కాకపోవచ్చు. మన భాషలో దీనికి ఎన్ని మాటలున్నాయో చూడండి. ఏమీ చెయ్యలేక లోపల ఉడికితే ఉక్రోషం. అవతలివాడికి దక్కిందని కుళ్లితే అక్కసు. మనవాళ్లే అడగలేదని ముఖం తిప్పుకుంటే అలక. నలుగురిలో మాట పడితే ‘చిన్నతనం అయిపోయింది’ అంటాం. ఈ నాలుగింటికీ బయటికి కనిపించే ముఖం ఒకటే: ఎర్రటి కళ్లు, పెద్ద గొంతు. మందు మాత్రం ఒక్కోదానికి ఒక్కోటి.

అలకకి పిలుపు చాలు. “పెద్దబావ రాకుండా మనం మొదలెట్టడమేంటి, ఫోన్ చెయ్యండి” అంటే అయిపోతుంది. చిన్నతనానికి చాటున మాట్లాడితే పనికిరాదు, ఎక్కడ పోయిందో అక్కడే, ఆ నలుగురి ముందే తిరిగి ఇవ్వాలి. అక్కసుకి లెక్క చూపించాలి, కాగితం మీద, సెంట్లతో సహా. ఉక్రోషానికి లెక్క చూపిస్తే చచ్చామే. ఆ మనిషికి ఒక నిర్ణయం చేతికివ్వాలి, చిన్నదైనా సరే. “సర్వే ఏ రోజో నువ్వు చెప్పు” అనండి చాలు.

కాబట్టి గొంతు పెరిగినప్పుడు ఊహించి అడగండి: “నలుగురిలో అలా అనేసరికి చిన్నతనంగా అనిపించింది కదా?” ఊహ తప్పినా నష్టం లేదు, “అది కాదు బాబూ, అసలు నన్ను పిలవనేలేదు” అని అతనే సరిదిద్దుతాడు. సరైన మాట దొరికిన క్షణం కనిపిస్తుంది. భుజాలు దిగుతాయి. మా వైపు మగాళ్లయితే బీడీ కోసం జేబు తడుముకుంటారు. మా అమ్మాయి చెప్పింది, 2007లో లాస్ ఏంజెలెస్‌లో మాథ్యూ లీబర్మన్ అనే ఆయన మెదడు ఫొటోలు తీసి చూశాడట. కోపం, భయం ఉన్న ముఖాలు చూపించి, ఆ భావానికి పేరేదో ఎంచుకోమన్నప్పుడు, మెదడులో అమిగ్డలా అనే భాగం హడావుడి తగ్గింది. మా ఊళ్లో బీడీతో తెలిసిపోతుంది.

ఒక జాగ్రత్త. పేరు పెట్టడం వేరు, తీర్పు చెప్పడం వేరు. “నీకు అక్కసు” అన్నారనుకోండి, ఇంక ఆ రోజుకి మూట కట్టుకోవచ్చు. అక్కసుని మాత్రం పైకి అనకండి, లోపల గుర్తుపెట్టుకుని లెక్క తీయండి.

ఇంకో మాట, ఇక్కడే చెప్పెయ్యాలి. “కోడళ్లు వచ్చాకే ఈ ఇల్లు విడిపోయింది” అని ప్రతి తగువులోనూ ఒక పెద్దాయన అంటాడు. నేను ఒప్పుకోను. మగాడు అడగడానికి నామోషీ పడ్డదాన్ని ఇంట్లో ఆడదాని నోట అడిగిస్తాడు, నింద మాత్రం ఆమెకి మిగులుతుంది.

‘ప్రస్తుతానికి నువ్వు చేసుకో’ అనకండి

తండ్రి పోయాక చాలా ఇళ్లలో జరిగేది ఇది. “ఇప్పుడే పంచుకోవడమెందుకు, ప్రస్తుతానికి చెరువు కింద మడి పెద్దాడు చేసుకుంటాడు, గరువు చిన్నాడు చూసుకుంటాడు” అనేస్తారు. మంచి ఉద్దేశమే. నాలుగేళ్లు గడుస్తాయి. పెద్దాడు గట్టు వేయిస్తాడు, మూలన రెండు కొబ్బరి మొక్కలు పెడతాడు. అప్పుడు పంపకాలకి కూర్చుంటే, ఆ మడి అతని దృష్టిలో ఉమ్మడి ఆస్తి కాదు, తన చేతిలోంచి లాక్కుంటున్న ఆస్తి.

డానియల్ కానెమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ 1990లో ఒక ప్రయోగం గురించి రాశారు. కొందరు విద్యార్థులకి కాఫీ కప్పులు ఊరికే ఇచ్చారు. నాలుగేళ్ల కిందట కాదు, అప్పుడే. దాన్ని ఎంతకి అమ్ముతావని వాళ్లనీ, ఎంతకి కొంటావని కప్పు రానివాళ్లనీ అడిగితే, అమ్మేవాళ్లు చెప్పిన ధర కొనేవాళ్ల ధరకి ఇంచుమించు రెట్టింపు ఉంది. కొన్ని నిమిషాలు చేతిలో ఉన్న కప్పుకే అంత మమకారముంటే, నాలుగు పంటలు తీసిన మడి సంగతేంటి? ఏదైనా వస్తే కలిగే సంతోషం కంటే, అంతే పోతే కలిగే బాధ ఇంచుమించు రెండింతలని కానెమన్, అమోస్ ట్వెర్స్కీ చేసిన పనిలో తేలింది. ఇద్దరన్నదమ్ములు మడులు మార్చుకుంటే ఇద్దరికీ తామే నష్టపోయినట్టు ఎందుకనిపిస్తుందో నాకు ఆ మాటతో అర్థమైంది. ఇద్దరూ ఇచ్చినదాన్ని రెండింతలు చేసి, వచ్చినదాన్ని మామూలుగా లెక్కేస్తున్నారు.

చెయ్యాల్సింది ఇది. పంపకం ఆలస్యమవుతుందని తెలిస్తే ఏడాదికోసారి మడులు మార్చుకోమనండి. ఈ ఏడు పల్లం నీది, వచ్చే ఏడు నాది. దేని మీదా చెయ్యి కుదురుకోదు. పంపకం రోజున “ఇది నీకు అనుకుందాం, అది వాడికి అనుకుందాం” అని నోటితో ఊరికే అనకండి. ‘అనుకుందాం’ అన్న నిమిషంలోనే అది వాడిదైపోతుంది. ముందు వాటాలు మాత్రం తెగ్గొట్టండి, పేర్లు పెట్టకండి. ఆ తర్వాత మన పాత పద్ధతే మంచిది: పెద్దాడు పంచాలి, చిన్నాడు కోరుకోవాలి. పంచేవాడికి తెలుసు, తేడా పెడితే పెద్దముక్క పోయేది తనకేనని. ముగ్గురో నలుగురో ఉంటే చీటీలే. చీటీ తీసేది ఇంట్లో చిన్న గుంటడో గుంటో అయితే, పడని వాటా వచ్చినా ఆ పసిదాని మీద ఎవరూ కోపం పెట్టుకోరు.

ఏ షెడ్యూలు, బి షెడ్యూలు

ఇది నా తప్పు గురించి.

భాగ పరిష్కార దస్తావేజులో ఒకరి వాటా ఏ షెడ్యూలనీ, ఇంకొకరిది బి షెడ్యూలనీ రాస్తాం. చట్టం దృష్టిలో రెండూ ఒకటే. మా అన్నదమ్ములిద్దరి దస్తావేజు నేనే రాశాను. టైపు చేసేటప్పుడు అలవాటుగా నా పేరు ముందు కొట్టాను. ఏ షెడ్యూలు నాది, బి షెడ్యూలు మా అన్నది. వాటాలు సెంటు తేడా లేకుండా సమానం. నేను గర్వంగా చదివి వినిపించాను. అన్న ఏమీ అనలేదు. సంతకం పెట్టి, కలం మూత పెట్టి, నా టేబుల్ మీద జాగ్రత్తగా పెట్టి వెళ్లాడు. ఆ తర్వాత నాలుగేళ్లు మా ఇంట్లో మెతుకు ముట్టలేదు.

పొలం విషయంలో ఏదో మనసులో పెట్టుకున్నాడనుకున్నాను. చింతచెట్టు నా వైపు పడింది, దానికే అనుకున్నాను. చెట్టు కాయలన్నీ ఒక ఏడాది వాళ్లింటికి పంపిస్తే తిప్పి పంపాడు. ఆఖరికి వదిన చెప్పింది, ఒక పెళ్లిలో, చేతులు కడుక్కునే చోట: “మీ అన్న ఎనిమిదో తరగతిలో బడి మానీసి నాగలి పట్టుకున్నాడు, నువ్వు డిగ్రీ చదవాలని. కాగితం మీద కూడా నీ వెనకే పెట్టావు కదా బాబూ.”

ఇతరుల ఇళ్లలో మూడేసి సంగతులు అడిగేవాణ్ని, మా ఇంట్లో అడగలేదు. సమానంగా పంచాను కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. నేను నూటికి నూరు సమానం చేసింది భూమిని. అన్న అడగనిదేమో, ఒక్క వాక్యం. తర్వాతి ఆదివారం వెళ్లి ఆ వాక్యం చెప్పాను. వాకిట్లో నులక మంచం బిగిస్తున్నాడు. “నువ్వు బడి మానేశావు కాబట్టే నేను కుర్చీలో కూర్చున్నాను” అన్నాను. తలెత్తలేదు. “ఆ చివర పట్టుకో, తాడు లాగాలి” అన్నాడు. పట్టుకున్నాను. ఆ సాయంత్రం వదిన నాకూ అన్నకీ ఒకేసారి వడ్డించింది.

అందుచేత మధ్యవర్తులకి చెప్పేది: పేర్ల వరస చూసుకోండి. ఎవరి పేరు ముందు, ఎవరు గోడవైపు కూర్చున్నారు, టీ మొదట ఎవరికిచ్చారు, ఇవన్నీ చూస్తారు. పంపకం రోజున ప్రతి మనిషీ తన విలువ ఎంతో అంచనా వేసుకోవడానికి వస్తాడు, చిన్నచిన్న గుర్తులు పోగేసుకుంటాడు.

ఆడపిల్లలు

మా వైపు అక్కని అప్ప అంటాం. “అప్పకి పసుపు కుంకుమ కింద అప్పుడే ఇచ్చేశాం కదా” అనే మాట ఇంకా వింటున్నాను. మన రాష్ట్రంలో పూర్వీకుల ఆస్తిలో కూతురికి కొడుకుతో పాటు హక్కు 1985 సెప్టెంబరు 5 నుంచి వచ్చింది, అప్పటికి పెళ్లికానివాళ్లకి. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా, పెళ్లైనవాళ్లకి కూడా. ఆ రోజుకి తండ్రి బతికి ఉండాలన్న నియమం లేదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.

చట్టం పక్కన పెట్టి మనసు చూద్దాం. చాలామంది అప్పలు, చెల్లెళ్లు వాటా వద్దని హక్కు విడుదల రాసిచ్చేస్తారు. కానీ అడిగాక వద్దనడం వేరు, అడక్కుండానే సంతకం పెట్టమనడం వేరు. ఒకావిడ నా ముందు వేలిముద్ర వేసి, వేలికంటిన సిరా తుడుచుకుంటూ, “నన్నొకసారి ‘నీకేటి కావాలప్పా’ అని అడిగుంటే ‘ఏటొద్దురా’ అనేదాన్ని” అంది. ఆమె తమ్ముడు గుమ్మం దగ్గర ఫోన్ చూసుకుంటున్నాడు. అడగండి. ఆమె కావాలంటే ఇవ్వండి, అది ఆమెదే. మా అమ్మాయి కూడా ఆ సంక్రాంతికే, చీటీల ఆట అయ్యాక, “మరి నా వాటా సంగతేంటి నాన్నా?” అంది నవ్వుతూ. నేను నవ్వలేదు. చింతచెట్టున్న మడి ఆమెకని రాసిపెట్టాను.

రోజు, వేళ

పెద్దకర్మ రోజున పంపకాల మాట ఎత్తొద్దు. అందరూ ఊళ్లోనే ఉన్నారు, మళ్లీ ఎప్పుడు కలుస్తారో అని బంధువుల్లో ఎవరో ఒకరు మొదలెడతారు. ఆ రోజుకి ఎవరికీ నిద్రుండదు, దుఃఖం ఎటు పోవాలో తెలియక దొరికినదాని మీద పడుతుంది. ఆ రోజు అన్న మాటలు జీవితాంతం నిలుస్తాయి. కనీసం ఒక పంట గడవనివ్వండి. మొండికేస్తే, “సంవత్సరీకం అయ్యాక” అని తేదీ చెప్పేయండి. తేదీ తెలిస్తే మనిషి ఆగుతాడు, ‘చూద్దాం’ అంటే ఆగడు.

పొద్దున్న పూట, ఏదైనా తిన్నాక కూర్చోండి. మందు తాగి వచ్చినవాడుంటే ఆ రోజుకి ఆపేయండి. ఇంతకంటే చెప్పడానికేం లేదు.

తేడా డబ్బు

ఒకడికి మంచి మడి వచ్చినందుకు ఇంకొకడికి డబ్బు కట్టే చోట, మరీ తక్కువ చెప్పి మొదలెట్టకండి. బేరం కదా, కింద నుంచి పైకి పోదాం అనుకుంటారు. పుచ్చకాయల దగ్గర అది పనిచేస్తుంది, అన్నదమ్ముల దగ్గర కాదు. 1982లో జర్మనీలో వెర్నర్ గ్యూట్ వాళ్లు ఒక ఆట ఆడించారు. ఒకడికి కొంత డబ్బిచ్చి, ఇంకొకడికి ఎంత ఇస్తావో చెప్పమంటారు. రెండోవాడు ఒప్పుకుంటే ఇద్దరికీ వస్తుంది, కాదంటే ఇద్దరికీ సున్నా. లెక్క ప్రకారం రూపాయి ఇచ్చినా పుచ్చుకోవాలి, ఊరికే వచ్చింది కదా. తర్వాత ఈ ఆట చాలా దేశాల్లో ఆడించారు. నూటికి ఇరవై కంటే తక్కువ ఇవ్వజూపితే చాలాసార్లు కాదంటారు. తనకి పోయినా సరే, వాడికీ పోవాలి. కోర్టులకెక్కే తగువులన్నీ ఈ ఆటే. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడుస్తాడని మనవాళ్లు ఊరికే అనలేదు. మొదటి అంకె అవమానంలా ఉంటే, తర్వాత ఎంత పెంచినా అవమానానికి వడ్డీలాగే వినిపిస్తుంది. న్యాయంగా ఎంత తోస్తే దాని దగ్గరే మొదలెట్టి, కొంచెం మాత్రం చోటు ఉంచుకోండి.

సంతకాలయ్యాక

ఇది అందరూ మర్చిపోతారు. రిజిస్ట్రేషన్ అయిన నిమిషంలోనే ఎవరి బండి వాళ్లు తీస్తారు. అలా వదలకండి.

1993లో కానెమన్ వాళ్లు చల్లనీళ్లతో చేసిన ప్రయోగం ఒకటుంది. ఒకసారి 14 డిగ్రీల నీళ్లలో 60 సెకన్లు చెయ్యి పెట్టించారు. ఇంకోసారి అదే 60 సెకన్లూ ఉంచి, ఇంకో 30 సెకన్లు కొనసాగించారు, ఆ సమయంలో నీళ్లని ఒక్క డిగ్రీ వేడి చేశారు. మళ్లీ ఏది చేస్తారంటే ఎక్కువమంది రెండోదే అన్నారు, బాధ ఎక్కువసేపైనా. చివర కొంచెం తేలికగా ఉంటే మొత్తం తేలికగా గుర్తుంటుంది. పంపకం చల్లనీళ్లే. ఆఖరి అరగంటైనా వేడి చెయ్యాలి.

నేను ఆ పక్కనే ఉన్న మెస్సుకి తీసుకెళ్తాను. ఆ డబ్బులు ఫీజులో కలపను. ఇద్దర్నీ ఎదురెదురుగా కాదు, పక్కపక్కన కూర్చోబెడతాను, ఒకరి కంచంలోకి ఒకరు చూసుకునేలా. భూమి మాట రానివ్వను. వర్షాలు, పిల్లల చదువులు, సిరిమాను పండక్కి ఎవరెవరు విజయనగరం వెళ్తున్నారు, అంతే.

కుంచం అన్నదమ్ములు తొమ్మిది నెలల తర్వాత వచ్చారు. ఈసారి ముందే అన్నని విడిగా కూర్చోబెట్టి మూడు చెప్పమన్నాను. చాలాసేపు చూరు వైపు చూశాడు. “నాన్న మంచాన పడ్డ ఏడాదిన్నరా ఆడే ఎత్తి దింపాడు. నాను పండక్కొచ్చి మందుల ఖర్చు లెక్క రాసుకుని పోయేవోణ్ని” అన్నాడు. మిగతా రెండూ నేను రాసుకోలేదు. ఆ మాట అందరి ముందూ చదివాను. తమ్ముడు ఇంక కుంచం అన్నకే వదిలేస్తాడనుకున్నాను. వదల్లేదు. చక్కగా తీసుకున్నాడు. అన్న దానికి బదులు రుబ్బురోలు అడిగి రాయించుకున్నాడు.

మెస్సులో తమ్ముడు రెండుసార్లు మజ్జిగ అడిగాడు, రెండోసారి అన్నే కేకేసి పోయించాడు. వెళ్లేటప్పుడు అన్న బండి తీశాడు, తమ్ముడు వెనక కూర్చున్నాడు. ఒళ్లో కుంచం. నేనిచ్చిన జెరాక్సు కాపీలు గాలికెగరకుండా చుట్టి దాన్లో పెట్టుకున్నాడు.